తేమ తరుగు

జగ్గయ్యపేట,
8-11-1998, ఆదివారం

అక్కయ్యకు నమస్కారాలు.

ఈ ఉత్తరం, ఏడు డబ్బాలున్న సంచీ, అమ్మాయి ఆమనిని కండక్టర్ పుల్లయ్యకు అప్పజెప్పి బస్సెక్కిస్తున్నాను. నేనే వెంట రావాల్సింది. పత్తి సీజను. కొట్లో కాటా దగ్గర నేను లేకపోతే రైతులు ట్రాక్టర్ల మీదే పడిగాపులు పడతారు. ఫోన్లో చెబుదామంటే కొట్టు ఫోన్ చుట్టూ ఎప్పుడూ పదిమంది ఉంటారు. వాళ్ల ముందు పిల్ల విరేచనాల సంగతి ఎలా మాట్లాడను? మొన్న మాట్లాడబోయి, ఊరికే క్షేమం అడిగి పెట్టేశాను. కాగితమైతే ఆగి ఆగి రాసుకోవచ్చు.

తొమ్మిది నెలలుగా పేగు టీబీ అనుకుని మందులు మింగించాం కదా, అది టీబీ కాదట. విజయవాడ సర్జన్ గారు పరీక్షలన్నీ మళ్లీ చేయించి చెప్పారు. పేగు దానంతటదే వాచి పుండ్లు పడే జబ్బట, క్రోన్స్ అంటారట. ఒకచోట వాచి వాచి దారి ఇరుకైపోయింది. అందుకే ఏం తిన్నా మెలిపెట్టే నొప్పి, వాంతి. ఆ ముక్క కోసేసి రెండు కొసలూ కలిపి కుట్టాలి.

అయితే ఇప్పుడే కొయ్యరట. పంతొమ్మిదేళ్ల పిల్ల ముప్పై నాలుగు కిలోలుంది. రక్తంలో ఆల్బుమిన్ అని ఒక మాంసకృత్తు ఉంటుందట, అది మూడున్నర ఉండాల్సింది రెండు పాయింట్ మూడే ఉంది. "ఈ ఒంట్లో కుట్లు వేస్తే నిలవవండీ. ఆరు వారాలు బాగా పోషణ ఇచ్చి తీసుకురండి" అన్నారు. కనీసం మూడుకి రావాలి, బరువు నలభై దాకా పెరగాలి. మరీ ఆలస్యం చేస్తే పేగు పూర్తిగా మూసుకుపోవచ్చు. తొందరపడితే కుట్లు విడిపోవచ్చు. ఈ రెంటి మధ్యా ఆరు వారాలు మన చేతికిచ్చారు.

డబ్బాల్లో ఉన్నది పాలలా కలుపుకునే పౌడరు. ఆస్పత్రి డైటీషియన్ రాగసుధ గారు రాసిచ్చిన చీటీ ఇందులో పెట్టాను. గ్లాసు నీళ్లకి, డబ్బాలో ఉన్న స్పూనుతోనే ఆరు స్పూన్లు, కత్తితో సమం చేసి. రోజుకి ఎనిమిది గ్లాసులు. గట్టి పదార్థమేదీ వద్దు. రోజుకో డబ్బా ఖాళీ అవ్వాలి. వారం వారం పుల్లయ్య చేత ఏడేసి పంపుతాను. ప్రతి ఆదివారం తూచి బరువు రాయి.

కమల పోయాక దాన్ని కన్నతల్లిలా చూసింది నువ్వే. ఇప్పుడూ నీ మీదే భారం వేస్తున్నాను.

నీ తమ్ముడు,
వెంకటరత్నం


నందిగామ,
15-11-1998

చిరంజీవి రత్నానికి ఆశీస్సులు.

నీ కూతురు భద్రంగా చేరింది. పుల్లయ్య దాన్ని డ్రైవరు వెనక సీట్లో కూర్చోబెట్టి, దారి పొడుగునా మంచినీళ్లు కావాలా అమ్మా అని అడుగుతూనే ఉన్నాడట. నీ చీటీ వంటింటి గోడకి అంటించాను, మా స్కూల్లో టైంటేబుల్ అంటించినట్టు. రిటైరైన టీచరుకి ఇన్నాళ్లకి మళ్లీ టైంటేబుల్ ఇచ్చావు, సంతోషం.

పౌడరు వాసన మాత్రం ఘోరం. కలిపితే గోడకి పోస్టర్లు అంటించే మైదాలా ఉంది. ఆ పిల్ల ముక్కు మూసుకుని తాగుతుంటే నేను దగ్గొచ్చినట్టు కొంగు అడ్డం పెట్టుకున్నాను. దాని ముందు బయటపడలేదులే.

బరువు ముప్పై నాలుగున్నర. పక్కింటి భవానీప్రసాద్ రైసుమిల్లులో తూచాం. బస్తాల కాటా ఎక్కాలంటే సిగ్గుపడి తలుపు దగ్గరే ఆగిపోయింది. భవానీప్రసాద్ హమాలీలందరినీ "టీ తాగి రాండ్రా" అని పంపేసి, తనూ గోడ వైపు తిరిగి నిలబడి, "మీరే రాళ్లెయ్యండి టీచరుగారూ" అన్నాడు. తూకం రాళ్లు నేను వేశాను. నువ్వు చూస్తే నా తూకానికి వంకలు పెట్టేవాడివి.

కొలతలూ గిలతలూ నాకు మరీ నేర్పకు. నీకు టైఫాయిడ్ వచ్చినప్పుడు ఇరవయ్యొక్క రోజులు గంజితేట మీద నిలబెట్టింది ఎవరు? పొట్ట సంగతి నాకు వదిలెయ్. నువ్వు నీ పత్తి చూసుకో.

నీ అక్క,
భారతీదేవి


జగ్గయ్యపేట,
23-11-1998

అక్కయ్యకు,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. నిన్న పుల్లయ్య తెచ్చిన చీటీలో ముప్పై అయిదున్నర అని చూసి కొట్లో అందరికీ టీలు ఇప్పించాను. ఎందుకో చెప్పలేదు.

ఈ వారం సరుకు తడిగా వస్తోంది. మంచు పడిందండీ అంటారు రైతులు. కొందరు బిందెతో చల్లి తెస్తారు, పాపం వాళ్ల బాధలు వాళ్లవి. పత్తి కూరిన బోరెం సంచిలోకి మోచేతి దాకా చెయ్యి పెడితే నాకు తెలిసిపోతుంది. కాటా ఎంత చూపించినా, లోపలున్న నీళ్లకి తరుగు తీసి మిగిలింది రాస్తాను. అందుకే నన్ను తిట్టుకోని రైతు లేడు, నమ్మని రైతూ లేడు. ఇరవై మూడేళ్లలో ఒక్కసారి కూడా నా చెయ్యి తప్పు చెప్పలేదు.

ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఆరు స్పూన్లూ సమంగా పడుతున్నాయా? రాగసుధ గారు అది మరీ మరీ చెప్పారు.

రత్నం


నందిగామ,
6-12-1998

రత్నానికి,

ముప్పై ఎనిమిది! నమ్మవేమోనని రెండుసార్లు తూచాను. భవానీప్రసాద్ గోడ వైపు నుంచి తిరక్కుండానే "ఎంతండీ, ఎంతండీ" అని అడిగాడు. చెబితే చప్పట్లు కొట్టాడు.

పిల్ల మొహం నిండింది. కళ్ల కింద గుంటలు పోయాయి. వచ్చినప్పుడు కాళ్లకి జారిపోతున్న పట్టీలు ఇప్పుడు బిగుసుకున్నాయి. నిన్న సబ్బు రాసి తీయాల్సొచ్చింది. కాళ్లు బరువుగా ఉన్నాయి అత్తా అంటుంది. బరువు పెరిగితే బరువుగా ఉండకేం అన్నాను. విరేచనాలు మాత్రం రోజుకి అయిదారు తగ్గడం లేదు. అయినప్పుడల్లా ఉప్పేసిన గంజితేట ఇస్తున్నాను, నీరసం రాకుండా. 

స్పూన్ల గురించి అడిగావు. నీ కూతుర్ని నేను పస్తు పెడుతున్నానా ఏమిటి? కాటా చెబుతోందిగా.

అక్క


జగ్గయ్యపేట,
14-12-1998

అక్కయ్యా,

నలభైన్నర! పుల్లయ్య బస్సు దిగకముందే కిటికీలోంచి అరిచాడు, నువ్వు చీటీలో రాసింది చదివేశాడు కాబోలు. బస్టాండులో అందరూ నా వైపు చూశారు. చూడనీ. కమల పోయిన తర్వాత నేనింత సంతోషపడింది లేదు.

సర్జన్ గారి ఆఫీసుకి ఫోన్ చేశాను. బరువు చెబితే, ఇరవయ్యొకటో తేదీ సోమవారం తీసుకురండి, రక్తం చూసి ఆ వారంలోనే చేసేద్దాం అన్నారు. ఆదివారం సాయంత్రం నేనే నందిగామ వచ్చి దాన్ని తీసుకెళతాను.

నీ చేతి చలవ అక్కయ్యా. ఇంకేం రాయను.

రత్నం


విజయవాడ,
22-12-1998

అక్కయ్యకు,

ఆపరేషన్ లేదు.

నిన్న సర్జన్ గారు ఆమనిని మంచం మీద పడుకోబెట్టి, చీర కుచ్చిళ్లు కాస్త పైకి జరపమని, ముంగాలి ఎముక మీద బొటనవేలితో నొక్కారు. లెక్కపెట్టినట్టు కాసేపు నొక్కి తీశారు. వేలు తీశాక కూడా గుంట అలాగే ఉంది. పిండి ముద్ద మీద నొక్కినట్టు. మోకాలి దాకా ఎక్కడ నొక్కినా అంతే.

"ఇది ఒళ్లు కాదండీ, నీరు" అన్నారు. రక్తంలో మాంసకృత్తు లేకపోతే నీరు రక్తనాళాల్లో నిలవక ఒంట్లోకి ఊరిపోతుందట. గంజిలో ఉప్పు, పేగు వాపు తగ్గడానికి ఇచ్చిన మాత్రలు ఆ నీటిని ఇంకా పట్టి ఉంచాయట. రెండు పాయింట్ మూడు ఉన్న ఆల్బుమిన్ ఒకటి పాయింట్ తొమ్మిదికి దిగింది. నీరు తీసేస్తే పిల్ల అసలు బరువు ముప్పై రెండు కూడా ఉండదన్నారు. అంటే ఆరు వారాల్లో పెరగలేదు, తరిగింది.

ఆదివారం మీ ఇంట్లో దాని చెయ్యి పట్టుకున్నాను. బస్సు దిగేటప్పుడు కాలు పట్టుకుని మెట్టు మీద పెట్టాను. తడి పత్తిలో చెయ్యి పెట్టి తేమ చెప్పేవాణ్ణి, నా బిడ్డ కాలు పట్టుకుని నాకు తెలియలేదు. కాటా చూపించింది, నేను రాసుకున్నాను. తరుగు తీయాలన్న ఆలోచనే రాలేదు.

రాగసుధ గారు ఒక్కటే ప్రశ్న అడిగారు, "డబ్బాలు ఎన్ని ఖాళీ అయ్యాయండీ?" నలభై రెండు పంపానని చెప్పాను. అప్పుడు ఆమని తల దించుకుని చెప్పింది, ఇరవయ్యొకటి నీ మంచం కింద మూత తీయకుండా ఉన్నాయని. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటే, "అత్త బాధపడుతుంది నాన్నా" అంది.

అక్కయ్యా, ఏం చేశావు?

రత్నం


నందిగామ,
25-12-1998

రత్నానికి,

మూడు స్పూన్లే వేశాను. మొదటి రోజు ఆరు వేస్తే వాంతి చేసుకుంది. రెండో రోజు నుంచి మూడు. గ్లాసులు ఎనిమిదీ ఇచ్చాను, ఒక్కటీ మానలేదు. పల్చగా అయితే అరుగుతుంది, పుండుపడ్డ పేగుకి చిక్కటిది బరువని నాకనిపించింది. మధ్యమధ్య గంజితేట పోశాను. మిగిలిన డబ్బాలు నీకు చెబితే కొలత ఎత్తి పొడుస్తావని మంచం కిందికి తోశాను. కాటా నా వైపే ఉంది కదా అని ధైర్యం.

నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది. నీకంటే ముందు నాకో తమ్ముడుండేవాడని నీకు తెలుసు, బసవయ్య. ఎలా పోయాడో తెలియదు నీకు. అయిదేళ్లవాడు. విరేచనాలు పట్టుకుంటే అమ్మ కఠినమైన పథ్యం పెట్టింది, గంజితేట తప్ప ఏమీ లేదు. నువ్వప్పుడు ఉయ్యాల్లో ఉన్నావు. పక్కవాళ్ల గేదె ఈనిందని జున్ను ఇచ్చారు. వాడు నా పావడా పట్టుకుని ఒక్క ముక్క అక్కా, ఒక్క ముక్క అని ఏడ్చాడు. నాకు పదకొండేళ్లు. గాదె చాటున కూర్చోబెట్టి గిన్నెడు తినిపించాను. మూడో రోజు పోయాడు. అమ్మకి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. జున్ను వల్ల పోయాడో, జబ్బు వల్లే పోయాడో ఈ వయసులో కూడా నాకు తెలియదు.

ఆమని గ్లాసులో నాలుగో స్పూను వెయ్యబోతే నా చెయ్యి ఆగిపోయేది రత్నం. చిక్కటిది పెట్టి ఒకణ్ణి చంపాననుకుని, పల్చటిది పోసి దీన్ని ఎండబెట్టాను. 

నేను రానా? వచ్చి దూరంగా కూర్చుంటాను.

అక్క


జగ్గయ్యపేట,
24-1-1999

అక్కయ్యకు,

ఆలస్యంగా రాస్తున్నాను. ఎలా రాయాలో తెలియక.

ఆస్పత్రిలో రెండు వారాలుంచి ఇంటికి పంపారు. ముక్కులోంచి పొట్ట దాకా సన్నటి గొట్టం వేశారు. సీసాలో పోసిన పౌడరు పాలు చుక్క చుక్కగా రోజంతా వెళుతుంటాయి. నేను సీజన్లోనే కాటా వదిలేసి ఇంట్లో కూర్చున్నాను. సీసా ఎక్కడ ఆగిపోతుందోనని చుక్కలు చూస్తూ కూర్చోవడమే నా పని. పిల్ల అద్దం చూడటం మానేసింది. 

బరువు రోజూ తగ్గుతోంది. నలభై ఒకటి నుంచి ముప్పై అయిదు, ముప్పై మూడు, మొన్న ముప్పై రెండు. తగ్గిన ప్రతిసారీ దించి మళ్లీ తూచేవాణ్ణి. రాగసుధ గారు మాత్రం "నీళ్లు పోతున్నాయండీ, మంచిదే, ఇప్పుడు అసలు మనిషి కనపడుతోంది" అన్నారు. తగ్గుతుంటే సంతోషించడం నాకు చేతకావడం లేదు. ఆల్బుమిన్ రెండు పాయింట్ ఆరుకి వచ్చింది. మూడు దాటితే ఫిబ్రవరి నెలాఖరున చేస్తామన్నారు. అప్పటిదాకా పేగు మూసుకుపోకుండా ఉంటే చాలు. అది ఎవరి చేతిలోనూ లేదట.

బసవయ్య సంగతి చదివాను. చదివి మడిచి పెట్టాను. నీ మీద కోపం లేదని రాయాలని నాలుగుసార్లు కూర్చున్నాను. ఉంది అక్కయ్యా. పడుకున్న పిల్ల పక్కటెముకలు చూసినప్పుడల్లా వస్తోంది. కొన్నాళ్లు రావద్దు.

రత్నం


నందిగామ,
28-1-1999

రత్నానికి,

రాను. 

ఆమని పట్టీలు నా దగ్గరే ఉన్నాయి. పుల్లయ్యకిచ్చి పంపుదామనుకుని మళ్లీ ఆగాను. సైజు చూసి అది ఏడుస్తుందేమో.

అక్క


విజయవాడ,
14-2-1999

అక్కయ్యకు,

నెలాఖరు దాకా పేగు ఆగలేదు. మూడో తేదీ పొద్దున పొట్ట డ్రమ్ములా ఉబ్బింది. ఆకుపచ్చ వాంతులు. కారు మాట్లాడుకుని తెచ్చాను. నందిగామ మీదుగానే వచ్చాం, మీ వీధి మలుపు దాటాం. ఆపమని నోటి దాకా వచ్చింది, ఆపలేదు. ఆ సంగతి కూడా నీకు చెప్పాలి.

ఆల్బుమిన్ రెండు పాయింట్ ఎనిమిదే ఉంది. ఇక ఆగడానికి లేదన్నారు సర్జన్ గారు. థియేటరు తలుపు దగ్గర మత్తు డాక్టరు మందు లెక్క కోసం "బరువెంతండీ?" అని అడిగారు. రోజుకి వందసార్లు పైకి చదివే మాట. నా నోరు పెగల్లేదు అక్కయ్యా. స్ట్రెచర్ మీంచి ఆమనే చెప్పింది, "ముప్పై మూడండీ, నీళ్లు లేకుండా."

ముక్క తీసేసి కుట్టారు. నాలుగు రోజులు బాగుంది. అయిదో రోజు జ్వరం. లోపల కుట్టు ఒకచోట వదిలింది. మళ్లీ తెరిచారు. ఈసారి కలపలేదు, పేగు కొస పొట్ట మీదికి తెచ్చి సంచీ తగిలించారు. నిన్న ఐసీయూ నుంచి బయటికి తెచ్చారు. బతికింది. అంతకంటే రాయడానికి నా దగ్గర లేదు. నన్ను చూసి మొదట అడిగింది, "అత్త ఏదీ?" అని.

ఒక్కటి స్పష్టంగా రాయాలి, దాని కోసమే ఈ ఉత్తరం. ఆ ఆరు వారాలకీ, కుట్టు వదలడానికీ సంబంధం లేదని సర్జన్ గారు తేల్చి చెప్పారు. జబ్బే అంత చెడ్డదట. ఎవరు ఎంత పోసినా ఇదే జరిగేదట. కాబట్టి నువ్వు దాని గురించి ఇక ఆలోచించకు.

ఆగస్టులో మళ్లీ కోసి పేగు లోపల కలుపుతారట. అప్పటికి మళ్లీ ఒళ్లు రావాలి, మళ్లీ మొదటి నుంచి. ఇంటికి పంపగానే నీ దగ్గరికే వెళతానంటోంది. నువ్వొచ్చి చూడు. నువ్వే కలుపు.

రత్నం


నందిగామ,
14-3-1999, ఆదివారం

చిరంజీవి రత్నానికి,

ఆమని నిన్న మధ్యాహ్నానికి చేరింది. పుల్లయ్య తన చేత్తో ఎత్తి దింపాడు. ఎత్తి, దించి, అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. అంత తేలిగ్గా ఉందన్నమాట. పొట్ట మీద సంచీ మార్చడం దానికే వచ్చు, నాకూ నేర్పింది. నేను తడబడితే "అత్తా, మీ స్కూల్లో ఇది చెప్పలేదా?" అని వెక్కిరించింది. 

పోయిన నెల ఆస్పత్రికి వచ్చినప్పుడు, నువ్వు మందుల కోసం కిందికి దిగిన పది నిమిషాల్లో సర్జన్ గారిని వరండాలో పట్టుకున్నాను. పౌడరు సగమే కలిపింది నేనేనని చెప్పి, కుట్టు అందుకే వదిలిందా అని అడిగాను. ఆయన మంచివాడు, మొహమాటపడ్డాడు. పిల్లలకి నలభై ఏళ్లు పాఠాలు చెప్పినదాన్ని, మొహమాటం వెనకున్నది చదవగలను. చివరికి చెప్పాడు. "ఖాయంగా ఎవరూ చెప్పలేరమ్మా. ఆ ఆరు వారాలూ సరిగ్గా అంది ఉంటే కుట్టు నిలిచే అవకాశం బాగా ఎక్కువుండేది. మీ తమ్ముడు గారికీ ఇదే చెప్పాను."

నువ్వు రాసిన ఉత్తరం నా దగ్గరుంది రత్నం. రైతు ఏడ్చినా, షావుకారు కసిరినా ముల్లు అటూ ఇటూ జరపనివాడివి. నీ జన్మలో నువ్వు తక్కువ తూచింది నా తప్పొక్కటే. నేనది తెలుసుకున్నానని నీకు చెప్పకూడదనుకున్నాను. కానీ మంచం కింద ఇంకో డబ్బా దాచడం నావల్ల కాదు.

ఈ పొద్దున కొత్త డబ్బా తెరిచాను. మిల్లుకి వెళ్లలేదు. బరువు తర్వాత చూద్దాం, ముందు ముంగాలు నొక్కి చూశాను, గుంట పడలేదు. గ్లాసు నీళ్లు కొలిచి స్పూను తీసుకున్నాను. కత్తితో సమం చేస్తూ ఒకటి, రెండు, మూడు వేశాను. నాలుగోది పట్టుకున్నాను. బసవయ్య నా పావడా పట్టుకున్నట్టే అనిపించింది. చెయ్యి గ్లాసు మీద అలాగే ఉండిపోయింది.

ఆమని లేచి, సంచీ ఒక చేత్తో అదుముకుని నా పక్కకి వచ్చి నిలబడింది. నా మణికట్టు పట్టుకుని గ్లాసులోకి వంచింది. అలాగే అయిదు, అలాగే ఆరు.

నీ అక్క,
భారతీదేవి